కోత ఎవరి వాటాలో?

‘ఖర్చులు తగ్గించుకోవాలి’ అనే మాట వినపడని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. నెల మొదటి వారంలో నిశ్చయంగా, మూడో వారంలో ఆందోళనగా, నెలాఖరులో విసుగ్గా ఈ మాట అందరి నోటా వస్తూనే ఉంటుంది. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని పెద్దలు చెప్పారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని హెచ్చరించారు. ఈ మాటల్లో అసత్యమేమీ లేదు. రేపటి గురించి ఆలోచించని గృహస్థు తన పిల్లల మీద అప్పు రాసి వెళ్తాడు. కనుక పొదుపు మంచిదా, కాదా అనే ప్రశ్నకు జవాబు వెతకనక్కరలేదు. మంచిదే.

అయితే ఈ జవాబు వెనుక ఇంకొక ప్రశ్న దాగి ఉంది. దానిని మనం తరచుగా అడగం. ఖర్చు తగ్గించామని సంతోషిస్తున్నాం, సరే. తగ్గింది ఎవరి వాటా? ఇంట్లో నలుగురో అయిదుగురో ఉంటారు. ఆ కోత అందరి మీదా సమానంగా పడిందా? ఎదురు చెప్పలేనివారి మీదనే పడిందా? ఇది లెక్కల ప్రశ్న కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో అంకెలే ఉంటాయని మనం అనుకుంటాం. నిజానికి ఆ ఇంట్లో ఎవరికి ఎంత విలువ ఉందో కూడా అందులోనే రాసి ఉంటుంది.

ఒక ఇంటి పద్దు

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఒక మోస్తరు పట్టణంలో భార్య, భర్త, ఇద్దరు పిల్లలు, భర్త తల్లి. భర్తకు ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగం. నెలకు 28,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి అద్దె 7,000. వెచ్చాలు, కూరగాయలు, పాలు, గ్యాసు కలిపి 9,000. పిల్లల చదువులకు 4,000. కరెంటుకూ ఫోన్లకూ 1,500. బండి పెట్రోలుకు 2,000. పెద్దావిడ మందులకు 1,500. అంట్లు తోమి, బట్టలు ఉతికే పనిమనిషికి 1,000. వాయిదాల మీద కొన్న వస్తువులకు 2,000. కూడి చూస్తే సరిగ్గా 28,000. వచ్చినదంతా అయిపోతోంది. రేపటికి ఏమీ మిగలడం లేదు.

ఆ ఇంటి యజమాని ఒకనాడు గట్టి నిర్ణయం తీసుకున్నాడు. నెలకు 2,500 మిగిల్చి తీరాలి. ఏడాదికి 30,000 అవుతుంది. మంచి ఆలోచనే. ఎక్కడ తగ్గించాలి? రోజూ వచ్చే పాలలో అర లీటరు మానేస్తే నెలకు సుమారు వెయ్యి. పనిమనిషిని మానిపిస్తే మరో వెయ్యి. పెద్దావిడ రక్తపోటు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటే అయిదు వందలు. లెక్క సరిపోయింది. పుస్తకంలో 2,500 మిగులు కనిపించింది. అందరూ మెచ్చుకోదగిన పొదుపు!

ఇప్పుడు అదే లెక్కను మనుషుల వైపు నుంచి చూద్దాం. పాలు తగ్గినప్పుడు తాగడం మానేసింది ఎవరు? పిల్లలకు తగ్గించడానికి తల్లికి చేతులు రావు. ‘నాకు పాలు పడవులే’ అని ఆవిడే మానేస్తుంది. పనిమనిషి మానేసిన తరువాత అంట్లు మానేయలేదు, బట్టలు మానేయలేదు. రోజుకు గంటన్నర పని ఆ ఇల్లాలి మీద పడింది. నెలకు 45 గంటలు. ఆ గంటలకు పుస్తకంలో పద్దు లేదు. పెద్దావిడ మాత్రలు తగ్గినందుకు వెంటనే ఏ నొప్పీ తెలియదు. కాని రక్తపోటు అదుపు తప్పితే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఆ ఆసుపత్రి ఖర్చు ముందు ఈ అయిదు వందలు ఏ మూలకు వస్తాయి? ఇక ఆ పనిమనిషి సంగతి. మన ఇంట్లో మిగిలిన వెయ్యి రూపాయలు ఆమె ఇంట్లో తగ్గిన వెయ్యి రూపాయలే.

యజమాని పెట్రోలు తగ్గలేదు. వాయిదాల వస్తువులు ఆగలేదు. ఆయన చెడ్డవాడని ఈ మాట అనడం లేదు. కుటుంబం కోసమే ఆయన ఆలోచించాడు. కాని కలం పట్టుకున్న చేతికి తన ఖర్చు ఎప్పుడూ అవసరంగానే కనిపిస్తుంది. ఎదుటివారి ఖర్చు తగ్గించదగినదిగా కనిపిస్తుంది. ఇది మనందరిలో ఉన్న బలహీనత.

పేదవాని పద్దులో మొదటి మాట అన్నమే

జర్మనీకి చెందిన గణాంక శాస్త్రవేత్త ఎర్నస్ట్ ఎంగెల్ 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల పద్దులు పరిశీలించి ఒక సత్యం చెప్పాడు. కుటుంబం ఎంత పేదదైతే, దాని ఖర్చులో తిండికి పోయే భాగం అంత ఎక్కువ. మన దేశంలో 2023-24లో జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వేలోనూ ఇదే కనిపించింది. గ్రామాల్లో కుటుంబ ఖర్చులో సుమారు 47 శాతం తిండికే పోతోంది. పట్టణాల్లో సుమారు 40 శాతం.

దీని అర్థమేమిటి? ఉన్నవారు ఖర్చు తగ్గించుకుంటే విహారయాత్ర మానుకుంటారు. లేనివారు ఖర్చు తగ్గించుకుంటే కంచంలో తగ్గుతుంది. ఎవరి కంచంలో? ‘పెట్టేవారు మనవారైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదు’ అంటారు. కాని పెట్టే మనిషే కడపటి బంతిలో కూర్చుంటే ఆమెకు పెట్టేది ఎవరు? అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే అలవాటు మన ఇళ్ళలో తరతరాలుగా ఉంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ దాదాపు అంతే. రక్తహీనతకు కారణాలు చాలా ఉన్నాయి. కాని చాలీచాలని తిండి, పోషణలేని తిండి వాటిలో ముఖ్యమైనవని వేరే చెప్పనక్కరలేదు. ఇటువంటి దేశంలో ‘తిండి ఖర్చు కాస్త తగ్గించండి’ అని సలహా ఇచ్చేముందు ఒక్క క్షణం ఆగాలి.

పనిభారం మాటా అంతే. 2024లో ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీ సగటున రోజుకు 289 నిమిషాలు వాటికి వెచ్చిస్తోందని తేలింది. అటువంటి పనులు చేసే పురుషుడు వెచ్చించేది 88 నిమిషాలు. డబ్బు మిగిల్చేందుకు మనం మానుకునే ప్రతి సదుపాయమూ ఈ 289కి కలుస్తుందా, ఆ 88కి కలుస్తుందా అని అడిగి చూసుకోవాలి.

నూరేళ్ళ కిందటి ఒక పరిశీలన

ఇది మన దేశంలోనే ఉన్న లోపం కాదు. పేదరికం ఉన్న ప్రతి చోటా ఇదే కథ. లండన్ నగరంలోని లాంబెత్ ఆ రోజుల్లో శ్రామికుల పేట. 1909 నుంచి 1913 వరకు కొందరు స్త్రీలు అక్కడి ఇళ్ళకు వారం వారం వెళ్ళి, గృహిణులచేత ఇంటి పద్దులు రాయించారు. భర్త కూలి వారానికి సుమారు ఒక పౌను. రాయడం రాని తల్లులు నోటితో చెబితే ఇంట్లో మరొకరు రాసిపెట్టారు. ఆ పద్దులన్నీ కూర్చి మాడ్ పెంబర్ రీవ్స్ అనే ఆవిడ 1913లో ఒక పుస్తకం ప్రచురించింది.

ఆ రోజుల్లో పేదవాళ్ళకు డబ్బు వాడుకోవడం చేతకాదని పెద్దమనుషులు అనేవారు. పద్దులు చూస్తే సంగతి వేరుగా ఉంది. ఆ తల్లులు ఒక్క పెన్నీని కూడా వృథా చేయడంలేదు. అద్దె కట్టాక, బొగ్గు కొన్నాక, మిగిలినదానితో తిండి. పనికి వెళ్ళే మగవానికి మాంసం ముక్క పెట్టి, తల్లీ పిల్లలూ ఎక్కువగా రొట్టెతోనే కడుపు నింపుకునేవారు. ఓట్ల జావ చౌక కదా, అది కాచుకోవచ్చు కదా అని బయటివారు సలహా ఇచ్చేవారు. జావ మాడకుండా కాచడానికి తగిన గిన్నె, అంతసేపు మండించే బొగ్గు, కలుపుకునే పాలు ఎక్కడినుంచి వస్తాయని సలహా ఇచ్చేవారు ఆలోచించలేదు. ఒకేసారి ఎక్కువ బొగ్గు కొనడానికి డబ్బులేక కొద్దికొద్దిగా కొనడంవల్ల పేదవారే ఎక్కువ ధర చెల్లించారు. మన పచారీ కొట్లలో ఏ రోజు వెచ్చాలు ఆ రోజు చిన్న పొట్లాలుగా కొనుక్కునేవారి పరిస్థితీ ఇదే కదా!

మరొక సంగతి మనసును కలచివేస్తుంది. తిండికి చాలకపోయినా ఆ తల్లులు ఒక్కొక్క బిడ్డ పేరిట వారానికి ఒక పెన్నీ భీమా కట్టేవారు. బిడ్డ పెరిగి పెద్దయ్యాక చదువుకోసం కాదు. బిడ్డ చనిపోతే పాతిపెట్టే ఖర్చు కోసం. పసిపిల్లల మరణాలు అంత ఎక్కువగా ఉండేవి. బ్రతికున్న బిడ్డ పాల నుంచి తీసిన పెన్నీ, చనిపోతే అవసరమయ్యే పెట్టెకు పోయేది. దీనిని దుబారా అన్నవారు ఉన్నారు. కాని దిక్కులేని శవంగా బిడ్డను పంపలేక ఆ తల్లి పడిన వేదన ఆ పద్దు వెనుక ఉంది. ఆమెను తప్పుపట్టే అర్హత మనకు లేదు. కాని రేపటి భయం ఈనాటి అన్నాన్ని ఎలా తినివేయగలదో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

త్యాగమా? తప్పనిసరా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. సంపాదించేవాడు పడిపోతే ఇల్లంతా పడిపోతుంది కదా, అతనికి ముందు పెట్టడంలో తప్పేముంది? తల్లి తనంతట తాను తగ్గించుకుంటే అది ప్రేమ కదా, దానిని అన్యాయమని ఎలా అంటాం?

ఈ ఆక్షేపణను కొట్టివేయకూడదు. ఎండలో బరువులు మోసే మనిషికి ఎక్కువ అన్నం కావాలి. అది పక్షపాతం కాదు, అవసరం. జ్వరంతో ఉన్న బిడ్డకు పాలు ముందు ఇవ్వడం అన్యాయం కాదు. న్యాయం అంటే అందరికీ ఒకే కొలత అని కాదు. ఎవరి అవసరానికి తగినట్టు వారికి.

త్యాగం సంగతీ అంతే. ఒకరికోసం ఒకరు తగ్గించుకోని కుటుంబం కుటుంబమే కాదు. కాని త్యాగానికి ఒక లక్షణం ఉంది. అది ఇచ్చేవారి చేతిలో ఉంటుంది. కాదనే స్వేచ్ఛ ఉన్నవారు అవునన్నప్పుడే అది త్యాగం. కాదంటే ఇంట్లో రభస అవుతుందని, కాదనడం తన ధర్మం కాదని చిన్ననాటి నుంచి నేర్పినందువల్ల అవునన్నదానిని త్యాగమనడం మాటను అపవిత్రం చేయడమే. ఇంకొక పరీక్ష కూడా ఉంది. ఎప్పుడూ ఒక్కరే త్యాగం చేస్తూ, మిగతావారు ఎప్పుడూ దానిని అందుకుంటూ ఉంటే, అక్కడ ప్రేమ పేరుతో ఏదో అలవాటు నడుస్తోందని అర్థం. త్యాగాన్ని అందుకున్నవాడు కృతజ్ఞతతో సిగ్గుపడాలి. వచ్చే నెల ఆదాయంలో దానిని ముందుగానే జమ రాసుకోకూడదు.

మూడు వేర్వేరు పనులు

మనం ‘ఖర్చు తగ్గించాం’ అనే ఒక్క మాటతో నిజానికి మూడు వేర్వేరు పనులను పిలుస్తున్నాం. ఒకటి, నిజంగా తగ్గించడం. గదిలో ఎవరూ లేనప్పుడు దీపం ఆర్పడం, అవసరంలేని వస్తువు కొనకపోవడం. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు. రెండు, వాయిదా వేయడం. కారుతున్న పైకప్పు బాగుచేయించకపోవడం, పన్ను నొప్పిని ఓర్చుకోవడం, మాత్రలు తగ్గించడం. ఈ ఖర్చు పోలేదు, వడ్డీతో తిరిగి వస్తుంది. మూడు, మరొకరి మీదకు నెట్టడం. కూరగాయల బండి ముసలమ్మతో అయిదు రూపాయలకు పేచీపెట్టడం, పనిమనిషికి పండుగకు ఇవ్వవలసింది ఎగవేయడం, ఆడపిల్ల చదువు మాన్పించి అన్నదమ్ముని చదివించడం. ఇక్కడ డబ్బు మిగలలేదు. ఒకరి చేతిలోనుంచి మరొకరి చేతికి మారింది, అంతే.

మొదటిదే పొదుపు. రెండవది ఆత్మవంచన. మూడవది అన్యాయం. ఈ మూడింటినీ ఒకే గళ్ళో రాసుకున్నంతకాలం మన జమాఖర్చుల పుస్తకం అబద్ధమే చెబుతుంది.

అసలు కోత పెట్టవలసిన చోట్లు

అయితే పొదుపు చేయడానికి చోటే లేదా? ఉంది. కాని అది ఇంట్లో బలహీనుల దగ్గర కాక, తరచు బలవంతుల దగ్గర ఉంటుంది.

మొట్టమొదటిది వడ్డీ. నూటికి రెండు రూపాయల వడ్డీ అని మనం తేలికగా అంటాం. నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం. 50,000 అప్పుకు ఏడాదికి 12,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. అయిదు రూపాయల వడ్డీ అయితే ఏడాదికి 60 శాతం. ఇటువంటి అప్పు నెత్తిన పెట్టుకుని పాలు మానేసి బ్యాంకులో డబ్బు దాచడం చిల్లికుండలో నీళ్ళు పోయడమే. ముందు ఆ అప్పు తీర్చడమే అన్నిటికన్నా మంచి పొదుపు.

రెండవది గొప్పలకు పోవడం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. ఒక్కరోజు వేడుకకు చేసిన అప్పు పదేళ్ళ భోజనంలో కోత పెడుతుంది. వేడుకను కాదనడం లేదు. పేదవానికి కూడా పండుగ కావాలి. కాని నలుగురిలో తలెత్తుకోవడానికి చేసిన ఖర్చును తీర్చడానికి నలుగురికీ కనిపించని మనిషి తల వంచుకుని తక్కువ తినడం న్యాయమా?

మూడవది వ్యసనం. ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన ఒక సంఘటనను మరువరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పేద స్త్రీలు, అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు, సారా దుకాణానికి అడ్డం నిలబడ్డారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం ఊరూరా పాకింది. 1993లో ప్రభుత్వం రాష్ట్రంలో సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. చట్టం వచ్చింది, పోయింది. కాని ఆ స్త్రీలు చేసిన మరో పని నిలిచింది. రోజుకు ఒక్క రూపాయి చొప్పున దాచుకుంటూ పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. ఒక్కొక్కరికి నెలకు 30 రూపాయలు. అవే తరువాత రాష్ట్రమంతా విస్తరించిన పొదుపు సంఘాలకు దారి చూపాయి.

ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. ఆ స్త్రీలకు పొదుపు పాఠం చెప్పవలసివస్తే, ‘పప్పులో నీళ్ళు పోయండి, పిల్లలకు ఒక జత బట్టలు తగ్గించండి’ అని చెప్పడానికి చాలామంది ఉండేవారు. వాళ్ళు ఆ పాఠం వినలేదు. ఇంటి పద్దులో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా పనికిమాలినది, ఎవరూ వేలెత్తి చూపడానికి సాహసించనిది ఏ పద్దో దాని మీద వేలు పెట్టారు. కోతను తమ కంచంలోనుంచి తీసి సారా సీసా మీదకు మార్చారు. దాచిన రూపాయిని కూడా తమ చేతిలోనే ఉంచుకున్నారు. పొదుపు అంటే అది.

ఎవరి భద్రత?

రేపటి భద్రత అనే మాటను కూడా ఇలాగే విప్పి చూడాలి. దాచిన సొమ్ము ఎవరి పేరున ఉంది? ఎక్కడ ఉందో ఇంట్లో ఎంతమందికి తెలుసు? భర్త హఠాత్తుగా కన్నుమూస్తే పాసుపుస్తకం ఎక్కడుందో, భీమా కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో, ఎవరికి ఎంత ఇచ్చాడో తెలియక కార్యాలయాల చుట్టూ తిరిగే భార్యలను మనం చూడలేదా? ఆమె పాలు మానుకుని మిగిల్చిన డబ్బే అది. దానిని అందుకోవడానికి ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు. ఖాతాలో నామినీ పేరు రాయించడానికి పైసా ఖర్చు లేదు. వీలైతే ఇద్దరి పేర్లతో ఖాతా తెరవడం ఇంకా మంచిది. తన వారికి తెలియకుండా దాచినది దాచినవానికే భద్రత, ఇంటికి కాదు.

దాచే చోటు విషయంలోనూ మెలకువ అవసరం. 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒక్కొక్క ఖాతాదారుకు అయిదు లక్షల రూపాయల వరకు డిపాజిట్ భీమా ఉంది. బ్యాంకు దివాలా తీసినా అంతవరకు రక్షణ. చీటీలకు ఈ భీమా లేదు. చీటీ వేసేవారు అది 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరయినదో కాదో విచారించుకోవాలి. తెలిసినవాడే కదా అని నోటిమాట మీద కట్టిన చీటీలు ఎన్ని ఇళ్ళను ముంచాయో మనకు తెలుసు. బ్యాంకుల కంటే ఎన్నో రెట్లు వడ్డీ ఇస్తామనేవారి దగ్గరకు పరుగెత్తేటప్పుడు మనలను నడిపించేది భద్రతా, ఆశా అని ఒకసారి గుండె మీద చేయివేసుకుని అడగాలి. భద్రత అనే పేరు పెట్టుకుని వచ్చిన అత్యాశ, భార్యాపిల్లలు కడుపు కట్టుకుని దాచినదాన్ని ఒక్క రోజులో మింగుతుంది.

ఇంకొక ప్రమాదం పిసినారితనం. రేపటికి హద్దు లేదు. రేపటి తరువాత ఎల్లుండి ఉంటుంది. ఎంత దాస్తే చాలు అనే ప్రశ్న వేసుకోనివాడికి ఎంతైనా చాలదు. అరవై ఏళ్ళ తరువాత రాబోయే ముసలితనం కోసం ఇప్పుడు ముసలితనంలో ఉన్న తల్లి మందులు తగ్గించడం ఎంత విపరీతం! రేపటి మనిషి కూడా మన ఇంటి మనిషే, అతనికి ఒక వాటా ఇవ్వాలి. కాని ఈ రోజు ఇంట్లో ఉన్నవారి వాటా లాగి అతనికి రెండు వాటాలు ఇవ్వకూడదు.

1899లో బెన్యమిన్ సీబోమ్ రౌంట్రీ అనే ఆయన ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో పేదరికాన్ని లెక్కకట్టాడు. ప్రాణం నిలుపుకోవడానికి కనీసం ఎంత కావాలి అని లెక్క వేసి, ఆ లెక్క ప్రకారం బ్రతికితే జీవితం ఎలా ఉంటుందో కూడా వివరించాడు. బండి ఎక్కకూడదు, పత్రిక కొనకూడదు, దూరాన ఉన్న పిల్లలకు ఉత్తరం రాయకూడదు, దేవాలయానికి కానుక ఇవ్వకూడదు, పొరుగువానికి సాయపడకూడదు, పిల్లలకు బొమ్మ కొనకూడదు. అలా బ్రతకడం ఆదర్శమని ఆయన చెప్పలేదు. ప్రాణం నిలవడమూ, మనిషిగా బ్రతకడమూ ఒకటి కాదని చూపించాడు. మన పద్దులోనుంచి కూడా చుట్టానికి పోసే కాఫీని, బిడ్డకు కొనే బొమ్మను, వాకిట నిలిచినవానికి పెట్టే పిడికెడు బియ్యాన్ని కొట్టివేసేముందు ఈ మాట గుర్తుంచుకోవడం మేలు.

ఇంటిల్లిపాదీ కూర్చుని

మరి ఏం చేయాలి? పెద్ద శాస్త్రమేమీ అక్కరలేదు. నెలకొక సాయంత్రం ఇంట్లో అందరూ కలిసి కూర్చోవాలి. వచ్చినది ఎంతో, పోయినది ఎంతో దాపరికం లేకుండా చెప్పుకోవాలి. ఎదిగిన పిల్లలను కూడా కూర్చోబెట్టాలి. ఇంటి కష్టం తెలిసిన పిల్లలు అర్థం చేసుకుంటారు. తెలియని పిల్లలే అలుగుతారు.

కోత పెట్టవలసివస్తే ఒక వరుస పాటించాలి. ఇంట్లో తనకోసం ఎక్కువ ఖర్చుపెట్టుకునేవారు మొదట తగ్గించుకోవాలి. లెక్క రాసే వ్యక్తి తన పద్దుతో మొదలుపెట్టాలి. పిల్లల పాలు, పెద్దల మందులు, ఆడపిల్ల చదువు, పనివారి కూలి చివరివరకు ముట్టుకోకూడదు. ఒక సదుపాయం మానుకుంటే దానివల్ల పెరిగే పనిని ఎవరు చేస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి. పనిమనిషిని మాన్పించడం తప్పనిసరి అయితే ఆమెకు ఒక నెల ముందు చెప్పాలి. అంట్లు ఒకరు తోమితే బట్టలు మరొకరు ఉతకాలి. కొంతకాలానికి మూడు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము చేతి కింద ఉండేలా చూసుకుంటే, ఆపద వచ్చినప్పుడు రెండు రూపాయల వడ్డీ గుమ్మం ఎక్కవలసిన పని ఉండదు.

ముందు ఊహించుకున్న ఆ ఇంటినే తీసుకుంటే, వాయిదాలు పూర్తయ్యేవరకు కొత్త వస్తువు కొననని భర్త అనుకుంటే చాలు. కొద్ది నెలల్లో 2,000 మిగులుతుంది. వారంలో రెండు రోజులు బస్సులో వెళ్తే పెట్రోలులో కొంత తగ్గుతుంది. అనుకున్న 2,500 వెంటనే కాకపోయినా కొంచెం ఆలస్యంగా చేతికి వస్తుంది. ఆ ఆలస్యమే న్యాయానికి మనం చెల్లించే వెల. ఎక్కువేమీ కాదు.

పద్దు పూర్తయ్యాక కింద గీత గీసేముందు ఒక్కసారి ఇంట్లో ప్రతి ఒక్కరి ముఖం చూసి, ‘ఈ నెల నీకు ఏం తగ్గింది?’ అని అడగాలి. అందరూ ఏదో ఒకటి చెప్పగలిగితే ఆ పద్దు సరైనది. ఒక్కరే జవాబు చెప్పకుండా నవ్వి, ‘నాకేం తగ్గలేదులెండి’ అని వంటింట్లోకి వెళ్ళిపోతే, ఆ లెక్క మళ్ళీ మొదటినుంచి వేయాలి.